మొదటి సెంటు కొనేముందు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడల్లా మేము హాస్టల్ జ్ఞాపకాలే రాస్తూ వచ్చాం. ట్రంకు పెట్టె, ఆదివారం గుడ్డు, వార్డెన్ గారి విజిల్, స్టడీ అవర్లో కునికిపాట్లు. ఈసారి వేరే సంగతి రాస్తున్నాం. కారణం ఉంది. కిందటేడు పూర్వ విద్యార్థుల సమావేశంలో భోజనాల దగ్గర కూర్చుంటే పది మందిలో ఏడుగురు స్థలాల గురించే మాట్లాడారు. ఒకరు తెనాలి పక్కన వెంచర్‌లో అడ్వాన్సు కట్టారు. ఒకరు బాపట్ల హైవే మీద ప్లాటు చూస్తున్నారు. రేపల్లెలో ఉద్యోగం చేస్తున్న ఒక చెల్లెలు చీటీ పాడి, ఆ డబ్బు మొత్తం బయానాగా ఇచ్చేసింది. "కాయితాలు చూశావా అమ్మా?" అంటే "జెరాక్సులు ఇచ్చారన్నా" అంది. ఆ మాట విన్న తర్వాత మాకు అన్నం సహించలేదు.

మేము అంటే ఈ హాస్టల్‌లో చదువుకుని ఇప్పుడు తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న నలుగురం. భూమి వ్యాపారంలో ఆరితేరినవాళ్లం కాదు. దెబ్బ తిని నేర్చుకున్నవాళ్లం. ఆస్తి ఉన్న ఇళ్లలో అడంగలు అంటే ఏమిటో, లింకు దస్తావేజు అంటే ఏమిటో పిల్లలు తాతల మాటల్లో వింటూ పెరుగుతారు. మన ఇళ్లలో ఆ మాటలు వినపడలేదు. మనలో చాలామందికి దస్తావేజు చేతిలో పట్టుకోవడం ఉద్యోగం వచ్చాకే మొదలు. అందుకే మనల్ని మోసం చేయడం తేలిక.

ముందు మా కథ చెప్తాం. 2006లో మాలో ఐదుగురికి కొత్తగా ఉద్యోగాలు. ఇద్దరు టీచర్లు, ఒక కానిస్టేబులు, ఒక కండక్టరు, ఒకరు పోస్టాఫీసులో. బాపట్ల వైపు రోడ్డు మీద ఒక వెంచర్. నెలకు వెయ్యి రూపాయలు, అరవై నెలలు కడితే నూట యాభై గజాల ప్లాటు. ప్రతి నెలా డ్రా, డ్రాలో పేరు వస్తే మిగతా వాయిదాలు కట్టనక్కర్లేదు. ప్రారంభం రోజున షామియానా వేసి భోజనాలు పెట్టారు. సిమెంటు రాళ్లకు తెల్లరంగు, నంబర్లు, రంగుల జెండాలు. మాకు అన్నీ కనిపించాయి, సర్వే నంబరు తప్ప. దాన్ని ఎవరం అడగలేదు. అడగాలని కూడా తెలియదు.

అరవై నెలలూ కట్టి రిజిస్ట్రేషన్‌కు వెళితే, ఆఫీసులో గుమస్తా రెండు నిమిషాల్లో తేల్చేశాడు. ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉంది. అది అసైన్డ్ భూమి. ఎప్పుడో పేదలకు ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూమి. మా అరవై వేలకు రెండేళ్లు తిరిగితే ఇద్దరికి సగం సగం వచ్చింది, ముగ్గురికి ఏమీ రాలేదు. అంతకంటే బాధ పెట్టిన సంగతి ఇంకొకటి. ఆ పొలం అసలు పట్టాదారు ఎవరా అని వెతికితే, మనలాంటి కుటుంబమే. కూతురి పెళ్లికి అప్పుచేసి, తెల్లకాగితం మీద వేలిముద్ర వేసి ఇచ్చేశాడట. ఒక పేదవాడి భూమిని కాజేసి ఇంకో ఐదుగురు పేదవాళ్లకు అమ్మచూపారు.

కాబట్టి అసైన్డ్ భూమి గురించే ఎక్కువ చెప్తాం. మన పిల్లలకు ఇది రెండువైపులా అవసరం. కొనేటప్పుడు మోసపోకుండా ఉండటానికి, మన నాన్నల పేరున ఉన్నదాన్ని పోగొట్టుకోకుండా ఉండటానికి.

భూమి లేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమిని వారు, వారి వారసులు అనుభవించాలి. అమ్మకూడదు, దానం ఇవ్వకూడదు, కౌలు పేరుతో వదిలేయకూడదు. 1977 నాటి 9వ నంబరు చట్టం చెప్పేది ఇదే. అమ్మినా ఆ అమ్మకం చెల్లదు. కొన్నవాడి చేతిలోంచి అధికారులు వెనక్కి తీసుకుని అసలు పట్టాదారుకో, అతని వారసులకో ఇవ్వవచ్చు. బ్యాంకులో, సహకార సంఘంలో తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకోవడానికి మాత్రం అడ్డు లేదు. ఊళ్లో షావుకారు దగ్గర పెట్టడానికి లేదు. ఈ తేడా తెలియకనే ఎన్ని ఎకరాలు చేతులు మారాయో!

2023లో ఈ చట్టాన్ని సవరించి, భూమి ఇచ్చి ఇరవై ఏళ్లు దాటితే అసలు పట్టాదారుకు పూర్తి హక్కులు ఇవ్వవచ్చన్నారు. దాన్నే ఫ్రీహోల్డ్ అంటున్నారు. ఆ వెంటనే ఊళ్లలో దళారులు దిగారు. అందులో అక్రమాలు జరిగాయని 2024లో కొత్త ప్రభుత్వం ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టింది. ఈ నిబంధనలు ఇలా మారుతూనే ఉంటాయి గనుక "ఫ్రీహోల్డ్ అయిపోయింది సార్, ఏం పర్వాలేదు" అన్న మాట మీద రూపాయి కూడా ఇవ్వకండి. ఆ రోజుకు ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందా లేదా అన్నది ఒక్కటే లెక్క. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద ఈ జాబితా ఉంటుంది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో ఊరు, సర్వే నంబరు కొడితే చూపిస్తుంది. ఇంటర్నెట్ చేతకాకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు పెట్టకపోవడం వల్లే మాకు అరవై నెలలు పోయాయి.

రెండోవైపు కూడా చూడండి. రాజధాని ప్రాంతంలో 2015, 2016ల్లో ఏం జరిగిందో పత్రికల్లో చదివే ఉంటారు. అసైన్డ్ భూములకు ఏమీ రాదని భయపెట్టి దళిత రైతుల దగ్గర తక్కువ ధరకు రాయించుకున్నారని ఆరోపణలు వచ్చాయి, 2021లో కేసుల దాకా వెళ్లింది. ఆ కేసుల సంగతి కోర్టులు తేలుస్తాయి. మనం చేయవలసింది ఇంకోటి ఉంది. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒకరోజు కూర్చుని ఇంట్లో ఉన్న పాసుపుస్తకాలు, పట్టాలు, ఇంటి స్థలం కాగితాలు బయటికి తీయండి. దూలం మీద సంచిలో చెదలు పట్టి ఉంటాయి. ఎవరి పేరున ఉంది, సర్వే నంబరు ఎంత, ఎన్ని సెంట్లు? తాత పేరునే ఉండిపోయిందా? మీభూమి సైట్లో అడంగలు, 1-బి తీసి సరిపోల్చండి. తాత పోయి ఇరవై ఏళ్లయినా రికార్డులో ఆయన పేరే ఉంటే, వారసుల పేరుకు మార్పించుకోవాలి. రీసర్వే జరిగిన ఊళ్లలో పాత సర్వే నంబరు పోయి కొత్త ఎల్.పి.ఎం. నంబరు వచ్చింది. అందులో మన విస్తీర్ణం తగ్గిందేమో చూడండి. భూమి కొనడం అనే పని మన ఇంట్లో ఉన్నదాన్ని కాపాడుకోవడంతోనే మొదలవుతుంది. దానికి పెట్టుబడి బస్సు చార్జీలే.

ఇక కొనే సంగతి. బ్రోకరు మాట వినగానే ముందు మూడే అడగండి. ఊరు పేరు, సర్వే నంబరు, అమ్మేవాడి పేరు. ఈ మూడూ చెప్పడానికి నసిగితే లేచి వచ్చేయండి, టీ కూడా తాగకండి.

చెబితే, ఇ.సి. తీయించండి. అంటే ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా. కనీసం ముప్పై ఏళ్లకు తీయాలి. మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్లు కంప్యూటర్లోకి రావడం 1998 చివర్లో మొదలైంది గనుక, బాగా పాతవాటికి ఆఫీసులో రికార్డు వెతికించాల్సి రావచ్చు. ఒక మాట గుర్తుంచుకోండి. ఇ.సి.లో రిజిస్టరు అయినవే కనిపిస్తాయి. రిజిస్టరు కాని వీలునామా, నోటి పంపకం, తెల్లకాగితం అగ్రిమెంటు అందులో ఉండవు. అందుకని ఇ.సి. ఖాళీగా ఉందని నిశ్చింతగా పడుకోవద్దు. పొలం దగ్గరికి వెళ్లి పక్క రైతును అడగండి. "ఈ చేను ఎవరిది మామా?" అన్న ఒక్క ప్రశ్నకు ఇ.సి.లో లేని జవాబులు వస్తాయి.

తర్వాత లింకు దస్తావేజులు. ఇప్పుడు అమ్మేవాడికి ఎవరు అమ్మారు, ఆయనకు ఎవరు అమ్మారు, ఇలా వెనక్కి వెళ్లాలి. ఎక్కడైనా గొలుసు తెగిందంటే ఆగాలి. అసలు దస్తావేజులు కళ్లతో చూడాలి. జెరాక్సు మాత్రమే చూపిస్తే అసలు ఏ బ్యాంకులోనో తాకట్టులో ఉందని అనుమానించాలి.

ఆడపిల్లల సంతకాల దగ్గర మనవాళ్లు తరచు పొరపాటు పడతారు. అన్నదమ్ములు ముగ్గురూ సంతకం పెట్టారు కదా అనుకుంటారు. హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు వాటా మన రాష్ట్రంలో 1985లోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. 2020లో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా ఖాయం చేసింది. క్రైస్తవ కుటుంబాలకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది, వీలునామా రాయకుండా పోయిన తండ్రి ఆస్తిలో కొడుకూ కూతురూ సమానమే. అమ్మేవాళ్ల అక్కచెల్లెళ్లు ఎంతమంది, ఎక్కడున్నారు అని అడగండి. మొహమాటపడకండి. (మన ఇళ్లలో కూడా చెల్లెళ్ల వాటా సంగతి అడగండి అని మా వదిన ఒకరు ఈ పేజీ చూసి అన్నారు. నిజమే.)

జి.పి.ఏ. పట్టుకుని వచ్చి అమ్మేవాళ్లు ఉంటారు. జి.పి.ఏ., స్వాధీన అగ్రిమెంటు లాంటివాటితో హక్కు బదిలీ కాదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. రిజిస్టరు అయిన క్రయ దస్తావేజు ఉంటేనే అది మీది.

ప్లాటు అయితే ఇంకో రెండు మెట్లు. లే-అవుట్‌కు అనుమతి ఉందా? తెనాలి వైపు 1978 నుంచి వి.జి.టి.ఎం. ఉడా ఉండేది, 2014 చివర్లో దాని చోట సి.ఆర్.డి.ఏ. వచ్చింది. బాపట్ల వైపు వేరే పట్టణాభివృద్ధి సంస్థ పేరు వినిపిస్తుంది. ఈ హద్దులు మధ్యలో మారాయి గనుక, ఏ ఆఫీసు పరిధిలోకి వస్తుందో సర్వే నంబరు చెప్పి కనుక్కోవాలి. పంచాయతీ కార్యదర్శి సంతకం చూపించి "పంచాయతీ అప్రూవల్ సార్" అంటే సరిపోదు. అనుమతి ఉన్న లే-అవుట్లో రోడ్లూ, పార్కు కోసం వదిలిన స్థలమూ పంచాయతీకో మునిసిపాలిటీకో దఖలు పడాలి. రెండోది రెరా. 2016 నాటి ఈ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో ప్లాట్లు వేసి అమ్మాలంటే ముందు రెరాలో నమోదు కావాలి. ఏజెంటు కూడా నమోదు కావాలి. రిజిస్టరు అయిన అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. మా కాలంలో ఇదేమీ లేదు. ఇప్పుడు ఉంది, వాడుకోండి.

ఇంకొక చిట్కా. ప్లాటు కొనడానికి మీకు అప్పు అవసరం లేకపోయినా బ్యాంకుకు వెళ్లి లోను అడగండి. వాళ్ల లాయరు కాగితాలన్నీ చూస్తాడు. బ్యాంకు ఇవ్వనంటే ఎందుకో అడగండి. ఆ జవాబుకు పెట్టే ఖర్చు స్థలం పోగొట్టుకోవడంకన్నా చాలా తక్కువ.

ఇప్పుడు మన మూడు ఊళ్ల సంగతి. తెనాలి జంక్షన్ ఊరు, మార్కెట్ ఉంది, అద్దెకు మనుషులు వస్తారు. దాని చిక్కు రాజధాని మాట. 2014లో రాజధాని అనగానే ధరలు ఎగిరాయి, 2019 చివర్లో మూడు రాజధానులు అనగానే కొనేవాళ్లు కరువయ్యారు, 2024 తర్వాత మళ్లీ కదిలాయి. మధ్యలో అప్పుచేసి కొన్నవాడు ఐదేళ్లు వడ్డీ కట్టాడు. బాపట్ల వైపు సూర్యలంక పేరు చెప్పి బీచ్ ప్లాట్లు అమ్ముతుంటారు. సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు తీర నియంత్రణ మండలి నిబంధనలు వర్తిస్తాయి. గ్రామీణ ప్రాంతాల్లో మొదటి 200 మీటర్లలో సాధారణంగా కొత్త ఇల్లు కట్టుకోనివ్వరు. దీని పక్కనే నిజాంపట్నం, వాడరేవు కథ ఉంది. 2008లో వాన్‌పిక్ పేరుతో ఓడరేవు, పరిశ్రమలు వస్తాయని ప్రకటించి వేల ఎకరాలు సేకరించారు. ఓడరేవు రాలేదు, వ్యవహారం సి.బి.ఐ. కేసుగా కోర్టుకెక్కింది. ఆ రోజుల్లో వస్తుందని నమ్మి చుట్టుపక్కల కొన్నవాళ్లను అడగండి, ఏం చెబుతారో.

రేపల్లె వైపు అయితే వానాకాలంలో చూడకుండా కొనకండి. ఎండాకాలంలో చదును చేసి ఎర్రమట్టి పోసిన ప్లాటు మహా అందంగా ఉంటుంది. 2009 అక్టోబరులో కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు ఓలేరు దగ్గర కరకట్టకు గండి పడింది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. అప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడి గోడలు చూస్తే తెలుస్తుంది. మురుగు కాలువ ఎటు పోతోంది, పక్కన రొయ్యల చెరువులున్నాయా, బోరు వేస్తే ఉప్పునీరా మంచినీరా, ఇవి పక్కింటి అమ్మను అడిగితే చాలు.

డబ్బు లెక్క ఒకటి వేసి చూపిస్తాం. ఐదు లక్షల ప్లాటు మొత్తం అప్పుచేసి కొన్నారనుకోండి. నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకు పదివేలు, ఏడాదికి లక్షా ఇరవై వేలు. నాలుగేళ్లకు 4 లక్షల 80 వేలు. రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రుసుము కలిపి ఏడున్నర శాతం, అంటే మరో 37,500. నాలుగేళ్లకు ఆ ప్లాటు పది లక్షలు దాటితేగాని మీ చేతికి ఒక్క రూపాయి లాభం రాదు. ఖాళీ ప్లాటు అద్దె ఇవ్వదు, ఆస్పత్రి అవసరం వస్తే ఆ వారంలో అమ్ముడుపోదు. అందుకని ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో పెట్టుకుని, మిగిలినదానితోనే దిగండి. వడ్డీ వ్యాపారి అప్పుతో మాత్రం వద్దు.

ధర ఎక్కువో తక్కువో తేల్చుకోవడానికి ఇంకో లెక్క. ఎకరం 4,840 గజాలు, సెంటు 48.4 గజాలు. రోడ్లకూ పార్కుకూ పోగా ఎకరానికి అమ్మకానికి మిగిలేది ఇంచుమించు 2,800 గజాలు. చుట్టుపక్కల ఎకరం అరవై లక్షలు పలుకుతుంటే గజం మట్టి ఖర్చు రెండువేల రెండొందల లోపు. రోడ్లు, కాలువలు, అనుమతులు, కమిషన్లు, లాభం కలిపి ఎంతకు అమ్ముతున్నారో అప్పుడు చూడండి. గజం పన్నెండు వేలంటే ఆ తేడా దేనికని అడిగే హక్కు మీకుంది.

డబ్బు చెక్కుతోనో బ్యాంకు ద్వారానో ఇవ్వండి. స్థలం కోసం ఇరవై వేలు, ఆపైన నగదుగా పుచ్చుకోవడం 2015 జూన్ నుంచి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోవడం లేదు. మాకు 2006 నాటి వాయిదాలకు మిగిలిన సాక్ష్యం గులాబీరంగు రసీదులు, అదీ కొన్నే.

తెలిసినవాడు చెప్పాడు కదా అని కట్టడం గురించి కూడా చెప్పాలి. అగ్రిగోల్డ్ గుర్తుందా? స్థలాల పేరు చెప్పి డిపాజిట్లు తీసుకున్నారు. 2015 నాటికి అది సి.ఐ.డి. కేసైంది. పలు రాష్ట్రాల్లో సుమారు 32 లక్షల మంది డబ్బు, ఆరు వేల కోట్లకు పైగా, చిక్కుకుపోయింది. మన పల్లెల్లో దానికి ఏజెంట్లు ఎవరు? మన పిల్లలే. డిగ్రీ చదివి ఉద్యోగం రాక, కమిషన్ మీద బాబాయిల దగ్గరా పిన్నమ్మల దగ్గరా కట్టించినవాళ్లే. కంపెనీ మూతపడ్డాక ఊరొదిలి వెళ్లిపోయినవాళ్లు మాకు తెలుసు. ఇప్పుడు హాస్టల్‌లో ఉన్న తమ్ముళ్లకు ఎవరైనా వెంచర్ కమిషన్ ఏజెంటు పని ఇస్తామంటే, ముందు ఈ కాగితాలన్నీ మీరే అడిగి చూడండి.

మాలో ఒకతను మాత్రం రెండోసారి జాగ్రత్తపడ్డాడు. ప్లాటు జోలికి పోకుండా తెనాలిలో రెండు సెంట్లలో పాత పెంకుటిల్లు చూశాడు. నాలుగు నెలలు కాగితాలు చూశాడు. అమ్మేవారి అక్క హైదరాబాదులో ఉంటే ఆవిడ వచ్చి సంతకం పెట్టేదాకా బయానా పెంచలేదు. బ్రోకరు తిట్టుకున్నాడు. ఇప్పుడు ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్ల డబ్బు బ్యాంకు లోను వాయిదాలో సగానికి సరిపోతోంది. పెద్ద లాభమేం కాదు. రాత్రి నిద్ర పడుతోందంటాడు.

లాయరు ఫీజుకు వెనకాడేవాళ్లకు ఒక సంగతి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఎస్.సి., ఎస్.టి.లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవాధికార సంఘం ఎక్కడని అడిగితే చూపిస్తారు. కుల ధ్రువీకరణ పత్రం పట్టుకెళ్లండి.

రేపల్లె చెల్లెలి సంగతి ఏమైందని అడుగుతారేమో. సర్వే నంబరు తెప్పించి చూశాం. భూమి నిషేధిత జాబితాలో లేదు గాని, లే-అవుట్‌కు అనుమతి లేదు, రెరా నంబరు లేదు. బయానా వెనక్కి అడుగుతోంది. సగం వచ్చింది, మిగతా సగానికి నోటీసు ఇప్పించాం.

ఈసారి వార్షికోత్సవం రోజు మధ్యాహ్నం ఆటల పోటీలు జరిగేటప్పుడు మేము నలుగురం హాస్టల్ వరండాలో బల్ల వేసుకుని కూర్చుంటాం. పూర్వ విద్యార్థులు కొనబోయే స్థలం కాగితాలు, ఇప్పుడు చదువుతున్న పిల్లలు ఇంట్లో ఉన్న పట్టాలూ పాసుపుస్తకాలూ తెచ్చి చూపించవచ్చు. అసలువి తేవద్దు, జెరాక్సులు తెండి. సర్వే నంబరు కనపడేలా తీయించండి.